బాబాయిని తీసేయడం ఎలా

(మధ్యాహ్నం. నాన్న కంప్యూటర్ ముందు, ఇంకో ఊళ్ళో ఉన్న కూతురు వీడియో కాల్‌లో. ఆయన తెర మీద ఏముందో ఆమెకీ కనిపిస్తోంది. ముందు గదిలో ఆమె మేనత్త. మనిషి అక్కడే గానీ చెవులు రెండూ ఈ గదిలోనే ఉన్నాయి.)

"అది కాదు నాన్నా, ముందు నొక్కు, తర్వాత మాట్లాడు. నొక్కావా?"

"నొక్కాను."

"ఇప్పుడు మన కుటుంబం పేజీ మళ్ళీ తెరువు. బాబాయి ఉన్నాడా, పోయాడా?"

"ఉన్నాడు. నవ్వుతున్నాడు కూడా."

"అది ఫోటో నాన్నా."

"ఫోటో అయితే మాత్రం? మూడు వారాల నుంచి తీసేస్తున్నాను. మూడు వారాల నుంచీ అలాగే పళ్ళికిలిస్తున్నాడు. కంప్యూటర్‌కి కూడా వాడంటేనే ముద్దు."

"ఏరా, అయిందా?"

"అవుతోందక్కా! నీ మేనకోడలు చూస్తోంది!"

"అత్త అక్కడే ఉందా?"

"పొద్దున్నే దిగింది. పుస్తకం ప్రెస్సుకు పోయేదాకా కదలదట. 'నీకు చేతకాకపోతే నీ కూతుర్ని అడుగు, దాని ఉద్యోగమే అది కదా' అంది. అందుకే పిలిచాను. లేకపోతే ఇంత చిన్న విషయానికి నిన్నెందుకు..."

"ఆగు ఆగు. అసలు నిజంగానే తీసేయాలా? అది నానమ్మ తొంభయ్యో పుట్టినరోజు పుస్తకం. పేజీలో ఏముంటే అచ్చులో అదే వస్తుంది. ఆవిడకి ఉన్నది ముగ్గురు పిల్లలు. పుస్తకం తెరిచి, 'మూడోవాడేడిరా?' అంటే?"

"లైను సరిగ్గా లేదు."

"లైను బాగానే ఉంది. మీ ఫ్యాను చప్పుడు కూడా వినిపిస్తోంది."

"మాట అనేశాను తల్లీ. అందరి ముందూ. 'నా పేజీలో నీకు చోటు లేదురా' అని. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే పరువేం కాను?"

"బాబాయి ఏమన్నాడని అంత మాట?"

"తెలీనట్టు అడుగుతావేం? ఈ వయసులో, ఆరు నెలలు కూర్చుని, కళ్ళు మంటలెత్తేలా, వెబ్ పేజీలు చేసే ఆ పీహెచ్‌పీ నేర్చుకున్నాను. పేజీ తయారుచేసి అందర్నీ పిలిచి చూపించాను. నేను నొక్కగానే తెర తెల్లబోయింది. ఒక్క సెమీకోలన్ మర్చిపోయాను, అంతే. మీ బాబాయి ఏమన్నాడు? 'మొక్కై వంగనిది మానై వంగునా అన్నయ్యా, నీకెందుకీ కష్టం' అన్నాడు. అందరూ నవ్వారు. మీ అమ్మ కూడా."

"మరి అమ్మని తీసేయలేదేం?"

"మీ అమ్మని తీసేస్తే నేనెక్కడుంటాను?"

"నా ఫోటో సంగతి కూడా చెప్పు దానికి!"

"నీ ఫోటోకేమైంది అత్తా?"

"పోలీసు స్టేషన్ గోడకి అతికించే ఫోటోలా ఉందన్నాడమ్మా మీ బాబాయి! నన్ను! వాణ్ణి చంకనెత్తుకుని పెంచినదాన్ని! ఆ రోజు నుంచి వాడి గొంతు వినలేదు, వినను కూడా. మాట అన్నాక నిలబడాలి. తీసెయ్యండి."

"సరే సరే. నాన్నా, ముందు అందరి వివరాలూ దాచిన నీ జేసన్ ఫైలు తెరువు. ఆ, అదే. అబ్బో, ఎంత చక్కగా పెట్టావు!"

"ఊరికే పొగడకు."

"నిజంగానే. నానమ్మది ఒక శాఖ, ఆవిడ చెల్లెళ్ళవి రెండు. శాఖలో 'పిల్లలు', ఆ పిల్లల్లో ఒక్కొక్కరికీ పేరు, ఫోటో, ఫోను, మళ్ళీ వాళ్ళ పిల్లలు..."

"అలమరలో అర, అరలో డబ్బా, డబ్బాలో పొట్లం. నేనలా గుర్తుపెట్టుకున్నాను. పొట్లం కావాలంటే అలమర దగ్గర్నుంచి వరసగా అన్నీ చెప్పుకుంటూ పోవాలి. మీ బాబాయి కావాలంటే నానమ్మ శాఖ, 'పిల్లలు', రెండు."

"రెండు అని తెలుసే నీకు! కొత్తవాళ్ళు మూడు అని రాసి బోర్లా పడతారు."

"లెక్క సున్నా నుంచి కదా. సున్నా అత్త, ఒకటి నేను, రెండు వాడు."

"ఎవర్రా సున్నా?"

"ఏం లేదక్కా! మొదటి స్థానం నీదే అంటున్నాను!"

"సరే, మార్చాక అంతా మళ్ళీ జేసన్‌గా చేసి ఫైల్లో రాస్తున్నావా? అది మర్చిపోతే ఎంత మార్చినా బూడిదలో పోసిన పన్నీరే."

"రాస్తున్నాను. మొదట్లో ఒకసారి రాస్తే తెలుగు పేర్లన్నీ 'యూ సున్నా సి' అంటూ మందు సీసా మీద అంకెల్లా అయ్యాయి. అది ఆపే మాట ఒకటుంది కదా, అది పెట్టి సరిచేశాను."

"అది కూడా తెలుసా? మరి ఇంత తెలిసినవాడికి ఒక్క మనిషిని తీయడం... సరే, తీసేసే లైను చూపించు. ముప్ఫై ఒకటి. ఫోరీచ్. శాఖలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంటున్నావు. నానమ్మ శాఖ రాగానే తీసెయ్యమని అన్‌సెట్, 'పిల్లలు', రెండు. బాగానే... ఆ! దొరికింది!"

"దొరికిందా? అప్పుడేనా?"

"అదేంటి, ఆ గొంతేంటి?"

"ఏం లేదు. సంతోషం."

"చూడు. ఇలా రాస్తే ఫోరీచ్ నీ చేతికిచ్చేది అసలు శాఖ కాదు, నకలు. నువ్వు నకలులోంచి బాబాయిని తీసేస్తున్నావు. అసలుది అలమరలో చెక్కు చెదరకుండా ఉంటోంది. దాన్నే మళ్ళీ ఫైల్లోకి రాస్తున్నావు."

"అలాగా!"

"కాగితం జిరాక్స్ తీయించి, జిరాక్స్ మీద పేరు కొట్టేస్తే అసలు కాగితంలో పోతుందా?"

"పోదు. ఎలా పోతుంది! ఎంత బాగా చెప్పావు తల్లీ. ఇక నువ్వెళ్ళి భోంచెయ్యి, మిగతాది నేను..."

"తిన్నాను. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, పైన జేసన్‌ని విప్పేచోట 'ట్రూ' అని రాశావు కదా. అది తీసేస్తే అర్రేలనే పట్టికలకి బదులు ఆబ్జెక్టులనేవి వస్తాయి. అప్పుడీ నకలు గొడవే ఉండదు. చేతిలో ఉన్నదాన్ని ముట్టుకుంటే అసలుదే కదులుతుంది. కాకపోతే పేర్ల చుట్టూ ఉన్న బ్రాకెట్లు తీసేసి బాణం గుర్తులు పెట్టుకోవాలి."

"వద్దు! ఆ దారి వద్దు. చాలా... చాలా బాణాలు."

"అయితే రెండోది. ఇంకా సులువు. ఫోరీచ్‌లో శాఖ ముందు ఒక్క అండ్ గుర్తు. మెలికలా ఉంటుందే, అది. అది పెడితే నకలు రాదు, అసలుదే చేతికొస్తుంది. ఒక్క అక్షరం నాన్నా! మూడు వారాలు నిన్ను ఏడిపించింది ఒక్క అక్షరం. పెట్టనా?"

"నువ్వెందుకు శ్రమపడటం, నేను తర్వాత తీరిగ్గా..."

"పెట్టేశాను. నీ తెర మీద నేనూ టైప్ చేయొచ్చు."

"పెట్టేశావా!"

"ఇక నడిపించడమే."

"ఆగు! ఆగాగు. కళ్ళజోడు."

"నెత్తి మీదుంది."

"మంచినీళ్ళు తాగొస్తాను."

"గ్లాసు నీ మోచేతి దగ్గరే ఉంది."

"అది కాదు, ముందొక కాపీ దాచుకుందాం. పెద్ద పెద్ద కంపెనీలే దాచుకుంటాయి."

"నీ ఫోల్డర్‌లో ఇప్పటికే పదకొండు కాపీలున్నాయి నాన్నా. 'అసలు', 'అసలుకి అసలు', 'ఎవరూ ముట్టుకోవద్దు'..."

"ఇంకా అవలేదా? ఒక్క పేరు కొట్టేయడానికి ఇంతసేపా? కొండని తవ్వి ఎలుకని పట్టేలా ఉన్నారు!"

"ఒక్క నిమిషం అత్తా! తప్పు దొరికింది, నడిపించేస్తున్నా!"

"నడిపించేస్తున్నావా? అప్పుడే? సరే... కంగారేం లేదులే. నిదానంగా చూసుకోండి. నిదానమే ప్రధానం."

"విన్నావుగా, నిదానమే ప్రధానం అంటోంది అక్క."

"ఇప్పటిదాకా తొందరపెట్టింది ఆవిడే కదా? సరే, నడిపించే ముందు మొత్తం ఒకసారి... నాన్నా, ఇదేంటి?"

"ఏది?"

"పన్నెండో లైను."

"అది వేరే. పాతది. పట్టించుకోకు."

"పాతది కాదు. పైన తేదీ రాసుకున్నావు. మొన్న బుధవారం. 'తమ్ముడి కొత్త ఫోన్ నెంబరు' అని. తీసెయ్యాలనుకున్నవాడి కొత్త నెంబరు ఎక్కించావా?"

"తీసేసేదాకా సరిగ్గా ఉండాలి కదా. తప్పు సమాచారం పెట్టడం నాకిష్టముండదు."

"నెంబరు ఎవరిచ్చారు?"

"ఎవరో."

"ఎవరో అంటే?"

"ఎవరో ఒకరు. ఈ రోజుల్లో నెంబర్లదేముంది, గాల్లో తిరుగుతుంటాయి."

"పోనీ అది వదిలెయ్. లైను చదువుతాను, విను. ఫోరీచ్, శాఖలు, యాజ్... అండ్ గుర్తు, శాఖ. మెలిక ఉంది నాన్నా. ఇక్కడ పెట్టావు. అసలుదాన్నే పట్టుకుని నెంబరు మార్చావు. మారింది కూడా, పేజీలో కొత్తదే కనిపిస్తోంది. అంతేనా? ఫోరీచ్ అయిపోయాక ఆ మెలిక ఊడదీసే అన్‌సెట్ కూడా రాశావు. అది మా ఆఫీసులో సగంమంది మర్చిపోతారు. నేనూ మర్చిపోయి తిట్లు తిన్నాను."

"నోట్సులో రాసుకున్నాను లే, ఏదో..."

"నెంబరు మార్చేటప్పుడు మెలిక ఉంది. మనిషిని తీసేటప్పుడు లేదు. పంతొమ్మిది లైన్లలో మర్చిపోయావా?"

"వయసు తల్లీ."

"నాన్నా."

"మానై వంగునా అని ఊరికే అన్నారా..."

"నాన్నా!"

"మెల్లగా! అక్క వింటుంది."

"తెలిసే చేశావు కదూ? మూడు వారాలూ నకలులోంచే తీశావు."

"మరేం చెయ్యమంటావు? ఫోన్ చేసిన ప్రతివాడూ 'తీశావా, తీశావా?' అని. తీశాను, పోవట్లేదు అన్నాను. అందులో అబద్ధమేముంది? రోజూ తీశాను."

"పరువన్నావు మరి?"

"చేతకానివాడు అంటారు, అంతే కదా. ఇప్పటికే అన్నారు, కొత్తగా పోయేదేముంది? వాడు పేజీలోంచి పోతే మాత్రం... వాడికి సైకిలు నేర్పింది నేనే తల్లీ. వెనక సీటు పట్టుకున్నానని చెప్పి ఎప్పుడో వదిలేసేవాణ్ణి. 'పట్టుకున్నావా అన్నయ్యా, పట్టుకున్నావా' అని అరుస్తూ వీధి చివరిదాకా పోయేవాడు. పట్టుకున్నానురా అని ఇక్కణ్ణుంచే కేకేసేవాణ్ణి. వాడి మీద కోపముంది. చాలా ఉంది. కానీ వాడు లేని పుస్తకం అమ్మ చేతిలో పెట్టలేను."

"అప్పుడు పట్టుకున్నానని చెప్పి వదిలేశావు. ఇప్పుడు వదిలేశానని చెప్పి పట్టుకున్నావు."

"నీకు మాటలు బాగా వచ్చు, మీ అమ్మలాగా."

"మరి అత్తకేం చెబుదాం?"

"అవ్వలేదని చెప్పు. నీ మాటైతే నమ్ముతుంది, ఉద్యోగం చేస్తున్నదానివి."

"అంటే ఇప్పుడు నా పరువు కూడానా?"

"నాదొక్కటీ ఒంటరిగా పోతోంది. తోడు పంపించు."

"...సరే. మెలిక తీసేశాను. చూసుకో, ముప్ఫై ఒకటో లైను నువ్వు రాసినట్టే ఉంది."

"చల్లగా ఉండు తల్లీ."

"ఏమర్రా, గుసగుసలేంటి? పోయాడా?"

"పోలేదత్తా. నేనూ చూశాను. ఎంత తీసినా పోవట్లేదు."

"నీ వల్ల కూడా కాలేదూ? అంత చదువు చదివి!"

"చాలా లోపలికి ఉన్నాడత్తా. అలమరలో అర, అరలో డబ్బా... చెయ్యి అందట్లేదు."

"అయితే రేపు ప్రెస్సుకెళ్ళే పుస్తకంలో వాడూ ఉంటాడన్నమాట."

"ఉంటాడక్కా. ఏం చేస్తాం!"

"ఏం చేస్తాం, రాసిపెట్టుంది. నేను తీసెయ్యమనే చెప్పాను, మీరే చేతులెత్తేశారు. రేపు నన్నెవరూ ఒక్క మాట అనకూడదు."

"అనరక్కా."

"సరే. ఎలాగూ ఉంటున్నాడు కాబట్టి చెబుతున్నాను. ఒరేయ్, బుధవారం నీకు వాడి కొత్త నెంబరు నేను తప్పు చెప్పాను. చివర డబుల్ సెవెన్ కాదట, డబుల్ ఎయిట్. పొద్దున్న వాడే ఫోన్ చేసి నవ్వాడు. మార్చు. ఈసారి కూడా ఆ మెలిక పెట్టే మార్చు."