అన్నయ్య పేరుతో గెలిచినవన్నీ

హలో… ఆ, నేనే. చెప్పన్నయ్యా.

లేదు, పనిలోనే ఉన్నా. కళ్ళద్దాలు అరగదీసే మిషన్ తిరుగుతోంది, అందుకే ఆ రొద. ఉండు, ఆపేస్తా… ఆ, ఇప్పుడు చెప్పు.

పర్లేదులే, మేడం భోజనానికెళ్ళారు. షాపులో నేనొక్కదాన్నే.

ఏంటి?

…మళ్ళీ చెప్పు.

ఓనరు గారితో చెప్పేశావా? ఏమని?… ఇంకో కటింగ్ మాస్టర్‌ని చూసుకోమనా! అన్నయ్యా, నీకేమైనా మతి పోయిందా? చొక్కా కోయాలంటే ఈ చుట్టుపక్కల నీ తర్వాతే కదా ఎవరైనా!… రేపొస్తాడా కొత్తాయన?

కత్తెర కూడానా? నీ పెద్ద కత్తెర ఆయనకిచ్చేస్తావా? దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వవు కదా నువ్వు! దాంతో కాగితం కోశానని నన్ను ఇల్లంతా తరిమావు, గుర్తుందా?

లేదు, నవ్వట్లేదు. నవ్వు రావట్లేదు నాకు.

వదినేమంది?… ఇంకా చెప్పలేదా… ముందు నాకే చెప్తున్నావా.

ఏం లేదు. వింటున్నా.

సరే, ఒకటడుగుతా. కట్టు విప్పినరోజు డాక్టరు గారేమన్నారు? ఎముక బాగా అతుక్కుంది, పని చేసుకోవచ్చు అన్నారా లేదా?… మరి?

వేళ్ళు నీ మాట వినట్లేదా… నీకెలా తెలుసు? బల్ల దగ్గర నిలబడి ఒక్క చొక్కా అయినా కోశావా?… కస్టమర్ గుడ్డ పాడవుతుందని భయం. ఒప్పుకుంటా. పోనీ ఇంట్లో, ఏదైనా పాత గుడ్డ మీద?… అదీ లేదు. మరి ఎలా తెలిసింది?

…ఆటలోనా.

ఆ… లైన్‌లోనే ఉన్నానన్నయ్యా. చెప్పు.

అవును, నేనే అన్నా. ఫోన్‌లో ఆ కోట ఆట ఆడుకో, వేళ్ళకి కసరత్తులా ఉంటుందని నేనే అన్నా. కానీ ఆటలో ఇదివరకట్లా గెలిచాకే కత్తెర పట్టుకోవాలని నేననలేదు, అది నీ పట్టుదల… సరే. వద్దని కూడా అనలేదు.

రోజూ ఓడిపోతున్నావా… ఒక్కటంటే ఒక్క ఆట కూడా గెలవలేదా?

…కోటగోడ ఎక్కకముందే పడేస్తున్నారు. వాళ్ళు ఎటునుంచి కొట్టారో కూడా కనపడట్లేదు. ఊఁ.

మీ జట్టువాళ్ళు తిడుతున్నారా? ఏమని?… ఛీ! వాళ్ళ నోరు పడిపోను!

‘ఇదివరకు సగం గెలిచేవాణ్ణి, సగం ఓడేవాణ్ణి’… అవును. మెట్ల మీంచి పడకముందు అంతే. నాకు తెలుసు.

అనకు. చెయ్యి పోయిందనకు. అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా, ఆ మాటొక్కటి అనకు.

నేను నీకొకటి చెప్పాలి.

…లేదు, సాయంత్రం కాదు. ఇప్పుడే. కూర్చో. కూర్చున్నావా?

నీ చెయ్యి బాగానే ఉంది.

ఓదార్చట్లేదు నేను! కాస్త చెప్పనివ్వు. ఆ ఆట ఎవర్ని ఎవరి మీదకి పంపుతుందో ఎప్పుడైనా ఆలోచించావా?… కాదు. ఎవరు దొరికితే వాళ్ళని కాదు. మనందరికీ తలా ఒక నంబరు వేసి లోపల దాచుకుంటుందది. మనకి కనపడదు. గెలిస్తే పెంచుతుంది, ఓడితే తగ్గిస్తుంది. నీ నంబరుకి దగ్గరగా ఉన్నవాళ్ళని ఏరి మరీ నీ ఎదురుగా నిలబెడుతుంది. అందుకే నువ్వు సగం గెలిచేవాడివి, సగం ఓడేవాడివి. నువ్వే కాదు, ఎంత మొనగాడైనా అంతే. వాడికి వాడిలాంటి మొనగాళ్ళే తగుల్తారు.

ఆ… అచ్చం మా షాపులో లాగే. ఎవరి అద్దాల నంబరు వాళ్ళకి.

ఇప్పుడు అక్కడ నీ పేరు మీదున్న నంబరు నీది కాదన్నయ్యా.

నాది.

…

అదే, చెప్తున్నా. నీ చేతికి కట్టున్నన్నాళ్ళూ నీ పేరుతో నేనాడాను.

…గుర్తుంది. ‘రోజూ ఒకసారి నా పేరుతో లోపలికెళ్ళి ఆ బహుమతి పెట్టె తీసుకో, ఆట మాత్రం ఆడకు’ అన్నావ్. బాగా గుర్తుంది. ఊఁ కొట్టాను కూడా.

చాలా. చాలా ఆడాను. దాదాపు అన్నీ గెలిచాను.

…ఆటలో నీ పేరు పక్కన బ్యాడ్జి రంగు మారిందేంటని అడిగావ్ కదా? కొత్త సీజను, అందరికీ మార్చారన్నాను. అబద్ధం. ఎవరికీ మార్చలేదు.

ఎందుకంటే… మొదటిరోజు నీ కోసమే. నిజం! కట్టు విప్పాక చూసుకుని సంబరపడతావని ఒక్క ఆట గెలిచిపెడదామనుకున్నా. నువ్వప్పుడు ఎడం చేత్తో అన్నం తింటూ, చొక్కా గుండీ కూడా వదినతో పెట్టించుకుంటూ మొహం చిన్నబుచ్చుకుని కూర్చునేవాడివి…

ఆ తర్వాతవి నీ కోసం కాదు. నా సరదాకే.

నాకూ నా పేరుతో ఉంది, అవును. కానీ దాంట్లోకెళితే అందరూ నాలాంటివాళ్ళే వస్తారన్నయ్యా! చచ్చీచెడీ ఒకటి గెలిస్తే తర్వాతది ఓడతా. పొద్దుట్నించీ ఇక్కడ కస్టమర్ల సణుగుడు, మేడం చిటపటలు. ఇంటికెళ్ళాక అక్కడా కుస్తీయే. నీ పేరుతో వెళితే మాత్రం… ఎదురుగా అంతా పసిపిల్లల్లా…

…అవును. ఆ పసిపిల్లల్లో నిన్నూ కలిపినట్టే వినిపించింది. అనేసరికి నాకూ అలాగే వినిపించింది.

నీ పేరు ‘మాస్టర్’ అని పెట్టుకున్నావు కదా అక్కడ. నేను రాగానే, ‘మాస్టర్ వచ్చాడు, ఇంక మనదే’ అనేవాళ్ళు. నాకెంత బాగుండేదో! చిన్నప్పుడు నువ్వు ఆడుతుంటే పక్కన కూర్చుని చూడ్డమే కదా నా పని. నా వంతు వచ్చేసరికి అమ్మ భోజనానికి పిలిచేది…

సాకులు చెప్పట్లేదు. ఊరికే చెప్తున్నా.

ఆ, వస్తున్నానండీ! — నీతో కాదు, ఎవరో ఆవిడ ఫ్రేము బిగించుకోడానికొచ్చింది. కాసేపు కూర్చోండమ్మా, ఆ కుర్చీలో. — లేదన్నయ్యా, వెళ్ళను. ఉన్నా.

ఎప్పుడు తెలిసిందా?

…నువ్వు ఓడిపోతున్నానని మొదటిసారి చెప్పినప్పుడే.

అవును. అప్పుడే తెలిసింది. వాళ్ళు నీ మీదకొచ్చినవాళ్ళు కాదు, నా మీదకి రావాల్సినవాళ్ళు. ఓడుతుంటే నంబరు దానంతటదే దిగుతుంది, నీ దారికి నువ్వొచ్చేస్తావు, నేను నోరు విప్పక్కర్లేదనుకున్నా. దిగుతూనే ఉందన్నయ్యా. కానీ నేనెక్కించిన ఎత్తు అంతా ఇంతా కాదు.

…‘ఇంకా ఆడు, వేళ్ళు అవే వస్తాయి’ అని కూడా అన్నాను. నిన్న కూడా అన్నాను.

…

తిట్టు. తిట్టొచ్చుగా! చెప్పుచ్చుక్కొట్టినా పడతా. నువ్వక్కడ నీ చేతిని నువ్వే తిట్టుకుంటుంటే, నేనిక్కడ ఫోన్‌లో ‘అయ్యో, అయ్యో’ అన్నాను. సిగ్గు లేకపోతే సరి.

నమ్మట్లేదా? జాలిపడి అల్లానా ఇదంతా? అన్నయ్యా, నా కళ్ళజోడు నీకు పెట్టి, ‘అన్నీ మసగ్గా ఉన్నాయి, నా కళ్ళు పోయాయి’ అంటే ఏమంటావు? అదే జరిగింది నీకు.

సరే, నా మాట నమ్మకు. నా మాట ఇంక నమ్మక్కర్లేదు. కత్తెరెక్కడుంది?

…గుడ్డలో చుట్టి పెట్టేశావా, రేపిచ్చెయ్యడానికి. విప్పు.

విప్పన్నయ్యా. నువ్వు నన్ను ఎన్నైనా అను, ముందు అది విప్పు. పాత దుప్పటేదైనా ఉందా?… చాలు, అదే. బల్ల మీద పరుచు. సుద్దతో కాలర్ గీసుకో. తిన్నటి గీతైతే నేనైనా కోస్తా, నాకు వంపు కావాలి.

ఉన్నా. మెల్లగా గియ్యి.

…ఫోన్ పక్కన పెట్టుకో, రెండు చేతులూ కావాలి కదా.

…

ఆ… వినపడుతోంది.

అన్నయ్యా, ఎప్పటి చప్పుడే! ఆ కరకర నాకు తెలీదా? ఆ చప్పుడు వింటూనే కదా నేను హోంవర్కు చేసుకున్నది.

…ఆగిందేం? ఏమైంది?

మలుపు దగ్గర వణికింది… ఎంత? నిజం చెప్పు. ఎంత తేడా?

…నూలుపోగంత.

‘ఇదివరకైతే అదీ ఉండేది కాదు’… ఉండేది కాదు. నిజమే. ఇన్నాళ్ళు గుడ్డ ముట్టకుండా కూర్చుంటే ఆ మాత్రం వణకదా? నూలుపోగంత తేడాకి ఎవరైనా కత్తెర ఇచ్చేస్తారా?

ఇంకోటి కొయ్యి. నాకోసం కాదు, నీకోసం.

…

ఊఁ.

…

ఏమంటోంది చెయ్యి?… ఇందాకటికన్నా నయమా. చూశావా!

ఏడుస్తున్నావా?… ముక్కు దిబ్బడా. సరే. నాకూ దిబ్బడే.

అయితే ఓనరు గారికి ఫోన్ చేసి చెప్పు, కొత్తాయన్ని రావద్దనమని — ఏంటి? నేనా? నేను చెయ్యాలా? అన్నయ్యా, ఆయనంటే నాకు భయం, ఆ గొంతు వింటేనే నాకు…

…ఆ. నా తప్పే.

ఆట సంగతి కూడానా? ‘చెల్లెలు నా పేరుతో ఆడింది, నేను ఓడాను, అందుకని కత్తెర వదిలేశాను’ అంటే ఆయన పగలబడి నవ్వుతాడు! మొత్తం షాపంతా చెప్పుకుని నవ్వుతారు.

…

ఏమన్నావ్?

…నువ్వు ఆయన ముందు నిలబడి ‘నా చెయ్యి పనికిరాదు’ అని చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు. తలొంచుకున్నాడు.

సరే.

చెప్తానన్నాగా. ఉన్నదున్నట్టు చెప్తా. ఒక్కటి కూడా దాచను.

ఆటా? ఏం లేదు, ఇంకొన్నాళ్ళు ఓడుతూ ఉండు, అది దిగుతూ దిగుతూ మళ్ళీ నీ దగ్గరికే వస్తుంది. మళ్ళీ సగం సగం… ఏంటి?

ఇంక ఆడవా.

ఎందుకన్నయ్యా? రోజంతా నిలబడి పనిచేసి వచ్చి, నీకున్న సరదా అదొక్కటే కదా…

…అక్కడందరూ ఎదురుచూసే మాస్టర్ నువ్వు కాదని నీకు తెలిసిపోయింది. అంతేగా.

క్షమించమని అడగను. అడగడానికి కూడా మొహం లేదు. నాతో మాట్లాడతావా లేదా, అదొక్కటి చెప్పు. రేపు కాకపోయినా, ఎప్పుడో ఒకప్పుడు… అన్నయ్యా? అన్నయ్యా—

…కట్ చేసేశాడు.

ఆ, మీ ఫ్రేము ఇలా ఇవ్వండమ్మా, చేసిస్తా. కానీ ఇంకో ఫోన్ చేసుకోవాలి, ఏమనుకోకండి… లేదండీ, అది ఆగదు. ఏం లేదు, అద్దాల పొడి పడింది కంట్లో.

…

హలో… ఓనరు గారాండీ? నేనండీ, మీ కటింగ్ మాస్టర్ చెల్లెల్ని… కాదండీ, ఆయన చేతికేం కాలేదు. ఇప్పుడే కత్తెర పట్టుకున్నాడు, నేను విన్నాను. తప్పంతా నాదండీ… మీకు నవ్వొస్తే నవ్వండి, మొదట్నించీ చెప్తాను.