గోడ పట్టుకున్న చైర్మన్

చేతిలో ఏదో ఒకటి లేనిదే తిరుమలరావుకి మాట సాగదు. టీ గ్లాసో, భుజం మీది తువ్వాలో ఉండాలి. ఆ బుధవారం మధ్యాహ్నం గంగరాజు టీ కొట్టులో ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. దాన్ని గొట్టంలా చుట్టి, చుట్టూ బల్లల మీద కూర్చున్నవాళ్ళ మీదికి ఊపుతున్నాడు.

బల్ల చివర సూర్యకళ కూర్చుంది. బడి వదలడానికి ఇంకా గంట టైముంది. శనివారం తర్వాత కూతుర్ని దింపి ఇంటికి పోవడానికి ఆమెకి కాళ్ళు రావడం లేదు. ఇక్కడే, బడికి ఎదురుగా, ఒక టీ తీసుకుని అది చల్లారిపోయేదాకా కూర్చుంటోంది.

ఆ బడి ఇప్పుడు సగమే ఉంది. దువ్వాడ స్టేషన్ అవతల, ఉక్కు ఫ్యాక్టరీకి ఊళ్ళిచ్చి వచ్చినవాళ్ళ కాలనీలో ఒంటిగది బడి. ముప్పై తొమ్మిది మంది పిల్లలు, ఒక్క టీచరమ్మ. శనివారం పొద్దున్న వానలో తూర్పు గోడ కూలింది. టీచరమ్మ కనకరత్నం ఆ వేళకి మండల మీటింగులో ఉంది. పిల్లలంతా బయటపడ్డారు. అందరికంటే ఆఖర్న బయటపడింది రెండో తరగతి అనూరాధ, సూర్యకళ కూతురు. సోమవారం నుంచి పక్కనున్న సామాజిక భవనంలో పట్టాలు పరిచి పాఠాలు చెబుతున్నారు.

తిరుమలరావు ఆ బడికి విద్యా కమిటీ చైర్మన్.

"నానేటో పెద్ద గొప్ప సేసీసినానని సెప్పట్లేదు బావా," అన్నాడు పక్కనున్న సన్యాసిరాజుతో. అతను ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ, ఈ వారం పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికి పోయే ముందు ఇక్కడ ఆగుతున్నాడు. "స్టేషనుకాడ్నించి నడిసొస్తన్నాను. వాన. గొడుగు నేదు. బడి పక్కకొచ్చీసరికి గోడలోంచి ఓ సప్పుడు. కిర్రుమని. ఇంకెవుడైనా అయితే కప్పలనుకునీవోడు. నాను సైర్మన్ని కదా, నాకు తెలిసిపోనాది."

"గోడ అరుత్తాదేటి బావా?"

"పడబోయే ముందు అరుత్తాది. నువ్వు ఇనుండవు. అందరికీ ఇనపడదు. సరే, ఎల్లి బుజం ఆనించినాను. గోడ ఆగిపోనాది. ఆ తరవాత ఏటైనాదో తెలుసా?"

"ఏటైనాది?"

"బుజమూ, రెండు సేతులూ గోడకే సరిపోనాయి. మరి లోపలున్న పిల్లగుంటల్ని ఎలాగ తియ్యాలి? కుడికాలు కిటికీలోంచి లోపలికెట్టినాను. ఒకో గుంటని పాదం మీద కూకోబెట్టుకుని, అలా గాల్లో తిప్పి, ఇటేపు దింపినాను. మా బావమరిది పోర్టులో క్రేను నడుపుతాడు. ఆడొచ్చి నా కాలు సూసి, బావా, ఇంత నెమ్మదిగా దింపడం మాకే రాదు, నువ్వెక్కడ నేర్సినావన్నాడు."

"అంటే ఒంటికాలి మీద నిలబడ్డావా?"

"ఎడమకాలే. ఇప్పుటికీ వాపు తగ్గనేదు. సూపించమంటావా?"

వద్దన్నారు. నవ్వారు. సూర్యకళ నవ్వలేదు. ఆ కిటికీకి ఇనప ఊచలున్నాయి. పిల్లి కూడా దూరదు. సూర్యకళ మొదటినుంచీ మాటలు తక్కువ మనిషి. శనివారం తర్వాత ఆ ఉన్నవి కూడా తగ్గాయి.

"అలాగ ముప్పై మందిని తీసినాను. అంతలో గూడ్సు వొస్తంది. బొగ్గు గూడ్సు, యాబై తొమ్మిది పెట్టెలు. అది పోతే నేల అదురుతాది. నేల అదిరితే గోడ నా మాట ఇనదు. సేతులు కాళీ నేవు, ఓ కాలు కిటికీలో ఉన్నాది. ఏటి సెయ్యాలి? మెడ మీదున్న ఎర్ర తువ్వాలు నోటితో అందుకుని, ఇలాగ, ఇలాగ ఊపినాను. డ్రైవరు మైలు దూరంలోంచి సూసి బ్రేకేసినాడు. దిగొచ్చి దండమెట్టినాడు. బాబూ, తమరు సెప్పీవరకూ నాను బండి కదపనన్నాడు. ఆ ఎనకాతల ఏటైనాదో తెలుసా? దువ్వాడ స్టేషన్లో బళ్ళన్నీ ఆగిపోనాయి. మైకులో సెప్పినారు. తిరుమలరావు గారు గోడ వదిలిన వెంటనే బండి బయలుదేరును, ప్రయాణీకులు సహకరించగలరు, అని."

"ఆ పూట నాను స్టేషన్లోనే ఉన్నాను, కిరాయికి సూత్తన్న రైలు టైముకే వొచ్చినాది," అన్నాడు ఆటో నడిపే వాసు.

"నువ్వున్నది ఏ ప్లాట్‌ఫారం?"

"ఒకటి."

"మరదీ. ఆగినవి మిగతావి." తిరుమలరావు అతని వైపు మళ్ళీ చూడలేదు. "ఈలోగా పైన దూలం ఇరిగి నా నెత్తి మీద పడినాది. ఇనప దూలం. నెత్తికేటీ అవనేదు. దూలం వంగిపోనాది. మర్నాడు ఉక్కునగరంనించి ఇంజినీరొచ్చి టేపుతో దూలం కొలిసినాడు. నన్నూ కొలిసినాడు. ఏ కొలిమిలో పోతపోసినార్రా నిన్ను, మా ఫ్యాక్టరీలో ఇలాంటి సరుకు రావట్లేదని దిగులు పడిపోనాడు."

గంగరాజు టీ వడపోస్తూ తల ఎత్తకుండా వింటున్నాడు. మామూలుగా అతనే అందరికంటే ఎక్కువ ఎగదోస్తాడు. ఈ రోజు నోరు విప్పలేదు.

"నేవీవోళ్ళు హెలికాప్టరు పంపినారు. నానే ఎల్లిపొమ్మన్నాను. ఆ రెక్కల గాలికి ఉన్న పెంకులు ఎగిరిపోతాయని. ఆళ్ళు సెల్యూట్ కొట్టి పోనారు. అలాగ ఒకో గుంటనీ, ఒకో గుంటనీ, నూట పాతిక మందిని..."

"బళ్ళో ముప్పై తొమ్మిదే కదా బావా."

"వానకి రోడ్డున పోయే గుంటలు సొరబడ్డారు. ఆళ్ళని ఒగ్గీమంటావా? గోడ కింద ఒగ్గీమంటావా సన్యాసిరాజూ? నీకు గుంటలు నేరేటి?"

సన్యాసిరాజు గ్లాసులోకి చూసుకున్నాడు. తిరుమలరావు గొంతులో ఇప్పుడు వేడి ఎక్కింది. కాగితం గొట్టంతో బల్ల మీద కొట్టాడు.

"ఇంత సేత్తే పేపరోడు ఏటి రాసినాడు? జిల్లా పేజీలో, అడుగున, నాలుగు లైన్లు. బడి గోడ కూలింది, ప్రాణనష్టం లేదు. అంతే. ఎందుకు నేదు ప్రాణనష్టం? ఊరికే నేకుండా పోతాదేటి? ఎవుడో ఒకడు ఉంటేనే కదా. ఆ ఎవుడో ఒకడి పేరు రాయడానికి నీకు ఇంకు నేదా?"

ఇంతసేపట్లో ఆయన అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే అనిపించింది సూర్యకళకి.

"పేపరోడ్ని ఒగ్గీ. ఆవిడ సంగతి సూడు. గురువమ్మ." తిరుమలరావు కాగితం విప్పి మోకాలి మీద పరిచాడు. "టీచరమ్మ మీటింగుకి ఎల్తా ఎల్తా గుంటల్ని సూసుకోమని ఎవులికి సెప్పినాది? వంట సేసే ఈవిడకే కదా. గోడ బీటలిత్తంది. గుంటలు ఏడుత్తన్నారు. ఇటు నాను గోడ మోత్తన్నాను. అప్పుడు ఆవిడ ఏటి సేత్తందో తెలుసా? పళ్ళేలు పంచుతంది. గుంటల్ని వానలో వరసగా నిలబెట్టి, ఒకో గుంట సేతిలో ఒకో పళ్ళెం. అన్నం నేదు, పప్పు నేదు. ఒట్టి పళ్ళేలు. మతుండి సేత్తారా ఎవులైనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది మాత్రం నిజమని అందరికీ తెలుసు. తల్లులు పరుగెత్తుకొచ్చేసరికి ప్రతి పిల్ల చేతిలోనూ పళ్ళెం ఉంది.

తిరుమలరావు కాగితం చదివాడు. గొంతు మార్చి, ఆఫీసు తెలుగులో. మధ్యాహ్న భోజనం వంటమనిషి గురువమ్మ ప్రమాద సమయంలో పిల్లల ప్రాణాలను లెక్కచేయక అజాగ్రత్తగా ప్రవర్తించినందున ఆమెను తొలగించి, వంట బాధ్యతను కుసుమకుమారి గారి మహిళా సంఘానికి అప్పగించవలసినదిగా తల్లిదండ్రుల విన్నపం.

కుసుమకుమారి తిరుమలరావు భార్యకి చెల్లెలు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. గురువమ్మ జబ్బ ఎముక విరిగి, మెడకి గుడ్డతో చెయ్యి వేలాడేసుకుని ఇంట్లో ఉంది. ఆ వంట పోతే ఆమెకి వేరే పని లేదు. అది కూడా అందరికీ తెలుసు.

"సెల్లీ," అని తిరుమలరావు కాగితం సూర్యకళ ముందుకి జరిపాడు. పైన పెన్ను పెట్టాడు. "మొదటి సంతకం నీది. నువ్వెడితే ఆఫీసులో దానికి బరువు. నీ కూతుర్ని ఆఖర్న తెచ్చింది నానే కదా. నా మెడ సుట్టూ సేతులేసి, సైర్మన్ మావయ్యా, సైర్మన్ మావయ్యా, అని ఒకటే ఏడుపు. నాకూ నీళ్ళొచ్చీసినాయి."

సూర్యకళ గ్లాసు కింద పెట్టింది.

శనివారం పొద్దున్న పిల్ల ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ఏమీ కాదులే అని జడలు వేసి పంపింది. వానలో పరుగెత్తి వచ్చేసరికి బురదలో గురువమ్మ కూర్చుని ఉంది, నెత్తి నిండా సున్నం పెళ్ళలు. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. రెండో చేత్తో అనూని ఒళ్ళో అదిమి పట్టుకుంది. సూర్యకళ ఎంత లాగినా ఆ చెయ్యి వదల్లేదు. ఆ పట్టు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర రాదు.

"అన్నయ్యా, ఒకటి అడుగుతాను," అంది.

"అడుగు తల్లీ."

"నా పిల్ల లోపల ఉండిపోయిందని నీకెలా తెలిసింది?"

"లెక్కెట్టినాను."

"నూట పాతిక మందినా?"

వాసు ముక్కుతో నవ్వి ఆపుకున్నాడు.

"అలాక్కాదు సెల్లీ. హాజరు పట్టీ సూసి, పేరు పేరునా..."

"పట్టీ టీచరమ్మ మీటింగుకి పట్టుకెళ్ళింది."

తిరుమలరావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. సూర్యకళ ఆగలేదు. ఒక్కసారి మొదలుపెట్టాక ఆగితే మళ్ళీ మాట రాదని ఆమెకి తెలుసు.

"గురువమ్మకి చదువు రాదు. పట్టీ ఉన్నా చదవలేదు. పొద్దున్న పిల్లలు ఎవరి పళ్ళెం వాళ్ళు తెచ్చి వంటపాకలో పెట్టి లోపలికి పోతారు. ఎన్ని పళ్ళేలుంటే అంతమందికి బియ్యం కొలుస్తాది. ఏడాదిగా ఆమెకి అదే లెక్క. శనివారం ఏం జరిగిందో పిల్లలే చెప్పారు. గోడ బీటలివ్వడం చూసి ఆమె వాళ్ళని బయటికి తోలింది. అందరూ వచ్చారో లేదో తెలియాలి. అందుకని ఎవరి పళ్ళెం వాళ్ళ చేతిలో పెట్టింది. ఆఖరికి ఒక పళ్ళెం మిగిలిపోయింది. ఇది ఎవరిదే అని అడిగితే పిల్లలు అనూదన్నారు. నా పిల్ల జ్వరంతో బీరువా వెనక పడుకుని నిద్రపోయింది. అప్పుడు ఆమె లోపలికెళ్ళింది అన్నయ్యా. పిల్లని ఎత్తుకుని గుమ్మం దాటుతుంటే గోడ పడింది."

పొయ్యి మీద పాలు పొంగాయి. గంగరాజు స్టవ్ కట్టేశాడు.

"పళ్ళేలు పంచడం మనం ఇక్కడ్నించే సూసినాం బావా," అన్నాడు గంగరాజు. ఇంకా ఎవరి వైపూ చూడటం లేదు. "నువ్వు, నాను, సన్యాసిరాజు. వానలో భోజనాలేటిరా అని నవ్వుకున్నాం కూడా. జల్లు కొడతంది, పరదా దించరా అన్నావు. నాను దించినాను. ఆ తరవాత మనకేటీ కనపడనేదు. సప్పుడే ఇన్నాం."

తిరుమలరావు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. "అది కాదు బావా. పరదా దించినాక నాను ఎనకాతల్నించి ఎల్లినాను కదా. ఆ తరవాత ఏటైనాదో తెలుసా?"

ఏటైనాదని ఎవరూ అడగలేదు.

ఆయన ఒక్కొక్కరి మొహమే చూశాడు. సన్యాసిరాజు తల దించుకున్నాడు. వాసు బయట తన ఆటో వైపు చూస్తున్నాడు.

సూర్యకళ పెన్ను తీసుకుంది. కాగితం వెనక్కి తిప్పింది. ఏడో తరగతితో ఆగిన రాత, అక్షరం అక్షరం నొక్కి రాసింది. శనివారం నా కూతురు అనూరాధను బయటికి తెచ్చింది గురువమ్మ. తిరుమలరావు గారు టీ కొట్టులో ఉన్నారు. వంట గురువమ్మకే ఉండాలి. కింద సంతకం పెట్టి కాగితం సన్యాసిరాజు ముందు పెట్టింది.

"సెల్లీ, అది కమిటీ కాగితం," అన్నాడు తిరుమలరావు.

"నువ్వే సంతకం పెట్టమన్నావు."

సన్యాసిరాజు పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు. తిరుమలరావు వైపు చూడకుండా సంతకం పెట్టి గంగరాజుకి అందించాడు.

గంగరాజు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. కాగితం తీసుకుని చదివాడు. తర్వాత సంతకం పెట్టకుండానే తెచ్చి సూర్యకళ ముందు పెట్టాడు.

"ఇంకో ముక్క రాయి తల్లీ," అన్నాడు. "పరదా దించింది గంగరాజని. అది రాసినాక సంతకమెడతాను."

సూర్యకళ అతని మొహంలోకి చూసింది. ఆటపట్టించడం లేదు. పెన్ను మళ్ళీ తీసుకుంది.