చీమిడి సీసాలు

హలో… ఆ, నేనే. ఈ గదిలో ఫోన్ ఎత్తడానికి నేను తప్ప ఇంకెవరు మిగిలారు?

…ఎవరూ? ఓహో, తమరా! పై అంతస్తు నుంచి కింది అంతస్తుకి ఫోనా? పొద్దున ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగాం. అప్పుడు నోరు పెగల్లేదు.

…వెటకారం ఎందుకండీ? క్యాన్సర్ జన్యు చికిత్స విభాగం పెద్దగారు చీమిడి ముక్కుల శాఖకి ఫోన్ చేస్తే మా జన్మ ధన్యం.

…ఆ పేరు నేను పెట్టలేదు. మా చెల్లెలి పెళ్ళిలో మీరే పెట్టారు. 'పిల్లల అంటురోగాల పరిశోధనంటే ఏముంది, మా ఆవిడ ఊళ్ళో పిల్లల ముక్కులు తుడుస్తుంది' అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పెళ్ళింట్లో ఏడిస్తే బావుండదని.

…సరే, చెప్పండి. గట్టిగా చెప్పండి, ఇక్కడ ట్రాలీల మోత. — బాబూ, ఆ తలుపు ఇరుకు, ఫ్రీజర్ పక్కకి తిప్పితేగానీ పట్టదు!

…ట్రాలీలు ఎవరివని నన్నడుగుతారేం? తమరివే. తమ కొత్త యంత్రానికి చోటు కావాలిగా. గదుల కమిటీ ఆర్డరు నా తలుపుకే అంటించారు. ఫ్రీజర్లో దాచిన పాత రక్తం, చీమిడి నమూనాలన్నీ పారేయాలట. కింద మూడు సంతకాలు. మధ్యలో ఉన్న ఆ వంకర సంతకాన్ని నేను చీకట్లో కూడా గుర్తుపడతాను.

…కాసేపు ఆపమనాలా? నేనా? సంతకం పెట్టేది మీరు, ఆపేది నేను. బావుంది కాపురం.

…ఆఁ? నెమ్మదిగా చెప్పండి, సగం మింగేస్తున్నారు. …ఎవరావిడ? బస్సు కండక్టరా? …ఊఁ. …మందు ఎక్కించారు. …గడ్డ ఇసుమంతైనా తగ్గలేదు. …మందు గడ్డ దాకా పోనేలేదు. ఎలా పోతుందండీ?

…గడ్డని కరిగించే మీ జన్యువుని దేని మీద ఎక్కించి పంపారు? జలుబు వైరస్ మీద. కోరలు పీకి, మచ్చిక చేసి, బండిలా కట్టారు. …గొప్ప ఆలోచనే, కాదన్నానా? పేపర్లో ఫొటో కూడా పడింది. కానీ ఆ బండి మా చీమిడి ముక్కులదండీ! బళ్ళో చేరిన ఏడాదే ప్రతి పిల్లకీ దాంతో జలుబు చేస్తుంది. ఇక ఆ మొహాన్ని ఒళ్ళు జన్మలో మర్చిపోదు. అందులోనూ ఆవిడ కండక్టరు! చిల్లరతో పాటు ఊరందరి తుమ్ములూ అందుకునే మనిషి. మీ బండి గుమ్మంలో కనబడగానే… ఆ. ఒళ్ళు చితక్కొట్టి పంపింది.

…అనుకోలేదా? అనుకోడానికేముంది, అడిగితే పోయేది. ఒక్క గొట్టం రక్తం కిందికి పంపితే సాయంత్రానికల్లా చెప్పేదాన్ని, ఈవిడకి ఈ బండి పనికిరాదని. మొత్తం భవనంలో ఆ పరీక్ష మా దగ్గరే ఉందని మీకు తెలుసు. …నాకు అర్థమైందిలెండి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. ఆ చెట్టు పెళ్ళామైతే మరీనూ.

…సరే, ఇప్పుడేం కావాలి? …ఓహో. మనుషులెవరికీ పెద్దగా పరిచయం లేని వైరస్. కొత్త బండి కట్టుకోడానికి. …ఉంది. ఎందుకు లేదు? జ్వరంతో వచ్చిన ఓ చిట్టి రాక్షసి గొంతులో దొరికింది. నోరు తెరవమంటే నా వేలు కొరికింది. ఇన్నేళ్ళలో ఆ ఒక్క గొంతులోనే దొరికింది. భోజనాల దగ్గర ఈ సంగతంతా మీకు చెప్పాను. …'ఊఁ' అన్నారు. ఫోన్ చూసుకుంటూ.

…ఏంటీ? ఇంకోసారి చెప్పండి.

…ఆ ఒక్క డబ్బా గుట్టుగా మీ ఫ్రీజర్‌కి పంపించి, మిగతావి పోనివ్వాలా?

…ఎంత తెలివండీ! కమిటీ ముందు పరువు పోదు, యంత్రానికి చోటు పోదు, జలుబు చేతిలో ఓడిపోయారని ఎవరికీ తెలియదు. నిన్నటిదాకా జుట్టు పట్టుకున్నారు, ఇవాళ కాళ్ళు పట్టుకుంటున్నారు. అదీ ఎవరూ చూడకుండా.

…కుదరదు. …కోపం ఉంది, లేదనను. కానీ కుదరనిది అందుకు కాదు. అది అరుదైన వైరస్ అని నాకు కలొచ్చిందా? ఈ సీసాల్లో ఉన్న మిగతా పిల్లలందరి రక్తంతోనూ పోల్చి చూస్తే తేలింది. రేపు మీ రోగుల్లో ఎవరికి ఏ బండి కట్టాలో తేల్చాలన్నా ఇవే దిక్కు. ఇవి పారేశాక ఆ డబ్బా మీకిచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. ఉంటే అన్నీ ఉండాలి.

…ఇంకో మాట. మీరు సంతకం పెట్టారని కాదు… పెట్టి ఇంటికొచ్చి, నా పక్కనే పడుకుని, ఒక్క ముక్క చెప్పలేదు చూడండి. ముక్కూ మొహం తెలియనిదానిలా తలుపు మీద కాగితం చదివి తెలుసుకున్నాను. బాధేసింది. చాలా బాధేసింది.

…ఆ క్షమాపణలు ఇంటికొచ్చాక చెబుదురుగాని.

— బాబూ, ఆగు! ఆ ప్లగ్గు తీయకు!

…తీయబోయాడండీ! వాళ్ళ మేస్త్రీ ఏమంటున్నాడో తెలుసా? 'సంతకం పెట్టినవాళ్ళు చెబితేనే ఆపుతామమ్మా' అంటున్నాడు. న్యాయంగానే ఉంది. డైరెక్టరుగారు కూడా ఇప్పుడే గుమ్మంలోకి వచ్చారు, మీ యంత్రానికి గది సరిపోతుందా అని టేపు పెట్టి కొలుస్తున్నారు. ఇదిగో, స్పీకర్‌లో పెట్టాను. చెప్పండి.

…హలో? …ఉన్నారా?

…'కొన్ని సాంకేతిక కారణాల వల్ల'… ఏమిటండీ అది? ట్రాలీ తోసే మనిషికి అర్థమయ్యేలా చెప్పండి.

…

…ఊఁ.

…విన్నాం. — ఏం మేస్త్రీ, వినబడలేదా? 'నా మందు జలుబు దగ్గర ఓడిపోయింది, ముందే రక్తం పరీక్ష చేయించకపోవడం నా తప్పు, ఆ సీసాలు ఒక్కటి కూడా కదపొద్దు' అంటున్నారు. ఆ, ఆయనే. సంతకం పెట్టినాయనే. ఫ్రీజర్ మళ్ళీ గోడకి జరపండి, మెల్లిగా.

…డైరెక్టరుగారా? టేపు చుట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

…స్పీకర్ తీసేశాను. ఇప్పుడు మనిద్దరమే. …బాగా చెప్పారండీ. లేదు, ఇది వెటకారం కాదు.

…డబ్బా ఇస్తాను. మీ మనుషుల్ని పంపకండి, నేనే తీసిస్తాను. కొత్త బండి కట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది? …ఏడాదా? అది కూడా అన్నీ కలిసొస్తే?

…మరి ఆవిడకి?

…

…అంత టైము లేదా.

…ఆ సంగతి తెలిసే, ఇంతమంది ముందు తల వంచారా?

…ఏడవకండి. …పోన్లెండి, ఏడవండి. తలుపు వేసుకుని ఏడవండి. నేను పెట్టేయనులెండి, వింటూనే ఉంటాను.

…

…ఆవిడకి చెప్పారా? …ఇంకా మందు పనిచేస్తోందనే అనుకుంటోందా? …వాళ్ళాయన కూడానా.

…మీరొక్కరే వెళ్ళొద్దు. నేనూ వస్తాను. …మీకు రోగం సంగతి చెప్పడం వచ్చు. ఆవిడ అది అడగదు. 'పేపర్లో కూడా పడిన మందు నాకెందుకు పనిచేయలేదు, నా ఒంట్లో ఏం లోపం ఉంది?' అని అడుగుతుంది. దానికి జవాబు నా దగ్గరే ఉంది.

…ఏ లోపమూ లేదని చెబుతాను. చిన్నప్పుడు ఒంటికి ఒక దొంగ మొహం తెలిసింది, ఇన్నేళ్ళయినా మర్చిపోకుండా కాపలా కాసింది, మీ ఒళ్ళు తన పని తాను సరిగ్గా చేసిందమ్మా, అడక్కుండా ఆ దొంగనే మళ్ళీ పంపింది మేమే అని చెబుతాను.

…అవును, 'మేమే' అన్నాను. తెలిసే అన్నాను.

…మొహం కడుక్కోండి. లిఫ్ట్ దగ్గర ఉండండి, వస్తున్నా. …ఊఁ. పెట్టేస్తున్నా.