జానెడు గడ్డి

జనవాడ రోడ్డు మీద కొత్త ఇల్లు. మధ్యాహ్నం. పెరట్లోని ఈతకొలను చుట్టూ సంసోను ప్లాస్టిక్ గడ్డి పరుస్తున్నాడు. ఇంటి యజమాని నోయల్ భార్య హేబ్సిబా అతనికి చాయ్ తెచ్చింది.

"కోయకు సంసోనూ. గక్కడ కోయకు."

"అంచు కోయకుంటె ఎట్లక్కా? గడ్డి నీళ్ళ మీదికి వస్తది."

"రానీ. గా కుర్చీ ముంగట జానెడు ఇడువు. జానెడే."

"జానెడా?"

"ఏమాయె? గట్ల జూస్తవేంది?"

"ఏం లేదు. నోయలన్న ఏమన్న చెప్పిండా నీకు? ఈ జానెడు ముచ్చట?"

"ఆయన నాతోని ముచ్చట పెడ్తడా? ఆయన చెయ్యే మాట్లాడుతది."

"అక్కా, నేను చెప్పేది ఇను. కింద బండ లేకుండ గడ్డి ఒక్కటే ముంగటికొస్తె, చూసెటోనికి నేల లెక్కనే కొడ్తది. కాలు పెట్టిండనుకో, సీదా నీళ్ళల్లకే."

"ఎర్క."

"ఈడ మనిషి మునిగేంత లోతుంది."

"అదీ ఎర్క."

"మరి?"

"ఆయనకు ఈత రాదు. దోస్తులకు చూపిచ్చుకోనీకి కట్టిచ్చిండు గని ఒక్కనాడు దిగలే. రోజు పొద్దుమీకి గా కుర్చీల కూసోని తాగుతడు. తాగి లేస్తడు. లేసి నా మీదికొస్తడు."

"అక్కా!"

"అరవకు."

"నరహత్య చెయ్యొద్దని సండే స్కూల్ల మాకు చెప్పింది నువ్వే కదా!"

"చెప్పిన. నేనే చెప్పిన. ఇగో, కొంగు తీస్తున్న, చూడు. తల మీద కుట్లు చూడు."

"గిది... బండ మీద జారి పడ్డవన్నరు. సంఘమంత ప్రార్థన చేసినం."

"జార్లే. జుట్టు పట్టి బండకేసి కొట్టిండు. జారిన అని నేనే చెప్పిన. దవాఖానల చెప్పిన, మా అమ్మకు చెప్పిన. ఇప్పుడు చూడు, పెండ్లాం మల్ల జారొద్దని గడ్డి ఏపిస్తుండని ఊరంత ఆయననే మెచ్చుకుంటాంది."

"పాస్టరు అయ్యగారికన్న నిజం చెప్పరాదు?"

"ఎట్ల చెప్పాలె? గుడిల నిలబడి సాక్ష్యమిచ్చిన. జారిపడ్డ, దేవుడు కాపాడిండు అని అందరితోని హల్లెలూయ అనిపిచ్చిన. ఇప్పుడు పోయి అది అబద్ధం అంటె ఎవలు నమ్ముతరు? రోజు పొద్దుగాల కొలను ఒడ్డుకున్న గా దండెం కాడ బట్టలారేసుకుంట అనుకుంట సంసోనూ, ఇయ్యాల కూడ బతికిన అని. ఇగ నాతోని గాదు."

"నాతోని కూడ గాదక్కా. నాకు భయమైతాంది. కోసేస్త నేను."

"కోయకు. నీకు దండం—"

"ఏయ్! పనోనితోని ఏం ముచ్చట్లే?"

"ఏం లేదండీ. చాయ్ ఇచ్చిన."

"చాయ్ ఇయ్యనీకి గంతసేపా? లోపలికెళ్ళి పిలుస్తుంటె ఇనొస్తలేదా? ఏ చెవు పని చేస్తలేదు? ఇదా? ఇదా?"

"అమ్మా!"

"నోయలన్నా, తప్పు నాది, నేనే చాయ్ అడిగిన—"

"నువ్వు గడ్డి చూసుకో బే! ఇటు రాయే. మొఖం కడుగుత రా. వంగు. వంగవే!"

"వద్దు, వద్దు, జుట్టు ఇడువుండ్రి, మీ కాల్మొక్—"

"అన్నా! తల ముంచకు! ఇడువన్నా, ఆమెకు ఈత రాదు!"

"రాదని నాకెర్క లేదా? ఎంతసేపు ఆగుతదో చూస్తున్న."

"చేతులు కొట్టుకుంటాంది! లేపు! చచ్చిపోతది, లేపు!"

"కట్టర్ కింద పెట్టు. నా ఇంట్ల నా మీదికే కట్టర్ తెస్తవారా? పెట్టు. పెట్టెదాక లేపను."

"పెట్టిన! ఇగో, పారేసిన! లేపన్నా!"

"లే. దగ్గకు. దగ్గకన్ననా? ఆగు, ఫోనొస్తాంది... వందనాలయ్యగారూ! దేవుని దయవల్ల అందరం బాగున్నం. ఆఁ, ఆదివారం ప్రార్థన కూడిక పక్కా, ఈడ గడ్డి మీదనే. హేబ్సిబనా? ఈడనే ఉంది, నీళ్ళు పొలమారినయి. అవునయ్యగారూ, మల్ల యాడ జారుతదో అని నాకు అదే రంది. ప్రార్థనల పెట్టుండ్రి. ఒక్క నిమిషం... సంసోనూ, నిన్న చెప్పింది యాదికుందా?"

"ఉందన్నా."

"బరాబర్ గట్లనే చెయ్యి. ఆఁ, అయ్యగారూ, సరిగ ఇనొస్తలేదు, లోపలికి పోతున్న ఉండుండ్రి..."

"పోయిండు. అక్కా. అక్కా, లే. పెదవికెళ్ళి రక్తమొస్తాంది."

"కోసెయ్యి సంసోనూ. అంచు కోసి పో. నేనడిగింది మర్చిపో. నీకెందుకు నా పాపం?"

"టెంపో గేటు ముంగటనే ఉంది. ఎక్కు. భాల్కి ఊర్ల మీ అక్క లీయ ఇంట్ల దించుత."

"ఏం పిచ్చా నీకు? తడిబట్టల మీద యాడికొస్త? ఆదివారం కూడిక పెట్టుకోని పోతె మంది నన్నే అంటరు. కూడిక అయినంక చూస్త."

"కూడిక అయినంక నువ్వుండవు."

"ఏమంటున్నవ్?"

"నేను మొద్దుమొఖంగాన్నక్కా. బండ కనవడకుంట చెయ్యి, అందంగుంటది అంటె నమ్మిన. సరే అన్న. నువ్వు నోరు తెరిచి చెప్పినంకనే, ఇప్పుడు ఆయన నిన్ను ముంచంగ చూసినంకనే సమజైంది."

"ఏం సమజైంది? సాఫ్ చెప్పు."

"చెప్పులు ఏసుకోకు, టైం లేదు. నా చెయ్యి పట్టుకో. బండ మీదికెళ్ళి నడువు, గడ్డి తొక్కకు. నువ్వు కుర్చీ ముంగట జానెడు అడిగినవు గదా?"

"ఆఁ."

"ఆయన నిన్ననే అడిగిండు. దండెం కింద."