ముప్పై పండుగప్పలు లాగిన వ్యాను

అనగనగా అని మొదలుపెట్టేంత పాత కథ కాదు ఇది. మొన్న గురువారం ఉదయం, గిలకలదిండి హార్బరులో చేపల వేలం ముగిసి ఐసు లారీలు వెళ్లిపోయాక, మహాలక్ష్మి టీ కొట్టు దగ్గర జరిగింది. చక్రాలు లేని ఒక పాత వ్యానును ఇటుకల మీద నిలబెట్టి, నీలం రంగు వేసి, పక్క తలుపులోంచి ఆమె టీ అందిస్తుంది. వ్యాను వెనక సీటును బయటికి తీసి, వచ్చినవాళ్లు కూర్చోవడానికి బల్లగా వేసింది. ఆ సీటులో ఎడమ మూల భుజంగరావుగారిది. అక్కడ మరొకరు కూర్చోరు. ఎందుకని ఎవరూ అడగరు.

ఆ ఉదయం అక్కడ తేలవలసిన సంగతి రేవతిది. ఆరేళ్లుగా బస్సుల్లోనూ ఆటోల్లోనూ చేపల బుట్టలు మోసుకుని గుడివాడ మార్కెట్టుకు వెళ్తున్న రేవతి, మెడలోని గొలుసు అమ్మి, ఒక సెకండ్ హ్యాండు వ్యాను కొనుక్కుంది. దాని పాత ఇన్సూరెన్సు గడువు ఆ రోజుతో సరి. ఏజెంటు దుర్గాప్రసాద్ ఫోనులో ఫారం తెరిచి ఆమె పక్కన నిలబడ్డాడు. సరుకు రవాణా బండిగా రాయించి, పసుపు నంబరు ప్లేటుకు మార్పించుకుని, దానికి తగిన పూర్తి ఇన్సూరెన్సు తీసుకోవడం ఒక దారి. ఇదివరకటిలాగే ఇంటి వాడకం బండి అని ఉంచేసి, తక్కువ ప్రీమియంతో సరిపెట్టుకోవడం రెండోది. మొదటిదే సరైనదని దుర్గాప్రసాద్ ఓపికగా రెండుసార్లు చెప్పాడు. ప్రీమియం తేడా విన్నాక రేవతి టీ గ్లాసు కింద పెట్టేసింది. బండికేమైనా అయితే మళ్లీ బుట్ట నెత్తికెత్తుకోవలసిందే. ఇంకో బండి కొనాలంటే అమ్మడానికి ఇంకో గొలుసు లేదు.

అప్పుడు భుజంగరావుగారు గొంతు సవరించుకున్నారు.

"ఇన్సూరెన్సు సంగతి నన్ను అడగకుండా అతన్ని అడుగుతావేమిటమ్మాయ్? ఇంటి వాడకం అని రాయించు. నా బండికి నేను అదే రాయించాను. గొప్ప కోసం చెప్పడం లేదు, చిన్న సంగతే విను. మూడేళ్ల కిందట తుఫాను రోజున, బస్సులన్నీ ఆగిపోయిన పూట, ఇక్కడి నుంచి గుడివాడకు నేనొక్కణ్ణే సరుకు తీసుకుని బయల్దేరాను. వెనక తొట్టెలో ముప్పై పండుగప్పలు, అన్నీ బతికున్నవే. గోనెసంచిలో నలభై పీతలు."

"చిన్న సంగతే," అన్నాడు మాణిక్యం. అతను కొట్టు పక్కనే కూర్చుని వలలు బాగుచేస్తుంటాడు, తల ఎత్తలేదు.

"గుడ్లవల్లేరు దాటానో లేదో, రోడ్డేదో కాలువేదో తెలియని నీళ్లు. వ్యాను మెల్లగా, పెళ్లికూతురు పీటల మీదికి వచ్చినంత నెమ్మదిగా, కాలువలోకి దిగింది. స్టీరింగు దాకా నీళ్లు. ఇంకొకడైతే ఏం చేస్తాడు? కంగారుపడి తాళం తిప్పుతాడు. నేను తిప్పలేదు. నీళ్లలో ఇంజను స్టార్టు చేసి పాడుచేసుకుంటే మామూలు పాలసీలో క్లెయిము రాదు. ఔనా, దుర్గాప్రసాదూ?"

అది మాత్రం నిజమేనని దుర్గాప్రసాద్ ఒప్పుకోవలసి వచ్చింది.

"చూశావా? ఇంజను ముట్టుకోకూడదు, సరుకు గుడివాడ చేరాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తొట్టెలోంచి పండుగప్పలు నా వంక చూశాయి, నేను వాటి వంక చూశాను. వాటికి పరిస్థితి అర్థమైంది. మోకు తీసి ఒక కొస ముందు బంపరుకు కట్టాను, రెండో కొసను ముప్పై పాయలుగా విడదీసి, ఒక్కో పాయ ఒక్కో చేప నోటికి అందించాను, అన్నీ కలిసి ఒక్కసారి తోక ఝాడించాయి చూడు, స్పీడోమీటరు ముల్లు అరవై మీద నిలబడింది."

"ఇంజను ఆపేస్తే ముల్లు ఎలా లేచింది బావా?"

"నీళ్ల వేగానికి చక్రాలు తిరిగాయి. నువ్వు వల చూసుకో. ఇక వాన. అద్దం మీద ఏమీ కనబడదు, వైపరు తిరగదు. సంచిలోంచి రెండు పీతలు వాటంతట అవే అద్దమెక్కి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, తుడుచుకుంటూ కూర్చున్నాయి. మిగతావి తలుపుల గొళ్లాలు పట్టుకున్నాయి. మలుపు వచ్చినప్పుడల్లా ఆ పక్క తలుపు మీది పీత ముందు కాలు బయటికి చాపి సిగ్నలు ఇచ్చేది. వెనక ఎవరూ లేరు, అయినా ఇచ్చేది. నా బండిలో పెరిగిన క్రమశిక్షణ అది."

రేవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉదయం నుంచి ఆమె ముఖాన నవ్వు రావడం అదే మొదలు.

"గుడివాడ చేరేసరికి కాలువా రైలు పట్టాలూ ఒకే మట్టంలో ఉన్నాయి. ఎదురుగా పాసింజరు బండి వస్తోంది. దాని డ్రైవరు చూశాడు: ముందు చేపలు, వెనక వ్యాను, వ్యానులో నేను. మర్యాద తెలిసిన మనిషి, రైలును వెనక్కి తీశాడు. స్టేషనులో మైకు మోగింది. గిలకలదిండి నుండి గుడివాడ వచ్చు భుజంగరావుగారు మరికొద్ది సేపటిలో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నారు అని. మూడు భాషల్లోనూ చెప్పారు."

ఆలస్యంగా వచ్చినందుకు చింతిస్తున్నామని కూడా అన్నారా అని మాణిక్యం ఆరా తీశాడు. తాను ఏనాడూ ఆలస్యంగా వెళ్లలేదని భుజంగరావుగారు జవాబిచ్చారు.

"అదంతా సరే గానీ బాబాయ్," అంది రేవతి, "ఇన్సూరెన్సు సొమ్ము వచ్చిందా?"

"రాకపోవడమా? బెజవాడ నుంచి సర్వేయరు వచ్చాడు. తలుపు తెరిచి, ఇంటి వాడకం బండిలో ఈ వాసనేమిటండీ అన్నాడు. ఇంట్లోవాళ్లదే అన్నాను. తొట్టె వంక చూసి, ముప్పై మందా అన్నాడు. ఉమ్మడి కుటుంబం అన్నాను. బండి నడిపినవాళ్లకు లైసెన్సు ఉందా అన్నాడు. పండుగప్పలన్నీ ఒక్కసారి నోరు తెరిచాయి. ఆయన చాలాసేపు ఆలోచించి, ఈదుతూ నడిపేవారికి లైసెన్సు అక్కర్లేదని రాసుకున్నాడు. సొమ్ము మొత్తం అక్కడికక్కడే ఇచ్చేశాడు. మర్నాడు కంపెనీ పెద్దాయన ఫోను చేసి, భుజంగరావుగారూ, మా రూల్సు పుస్తకంలో మీ పేరు మీద ఒక పేజీ వేస్తున్నాం, ఏ రంగు కాగితం కావాలో సెలవివ్వండి అన్నాడు."

రేవతి నవ్వుతూనే దుర్గాప్రసాద్ వైపు తిరిగింది. కథలో సగం తీసేసినా బాబాయికి సొమ్మయితే వచ్చింది కదా, తనకూ ఇంటి వాడకం అనే పెట్టేయమంది. దుర్గాప్రసాద్ ఏదో చెప్పబోయి, నిట్టూర్చి, ఫోను పైకెత్తాడు.

అంతసేపూ మాట్లాడని మహాలక్ష్మి స్టవ్ కట్టేసి కిందికి దిగింది. భుజంగరావు అన్నయ్యగారిని కొంచెం పక్కకు జరగమంది. ఆ ఎడమ మూలన, సీటు కుట్టులోకి చెంచా కాడ దూర్చి గీకి, బయటపడినదాన్ని తుడిచి రేవతి అరచేతిలో పెట్టింది. రూపాయి బిళ్లంత పొలుసు.

మాణిక్యం ఆ ఉదయంలో మొదటిసారి తల ఎత్తి చూశాడు. "పండుగప్పదే," అన్నాడు.

"ఈ వ్యాను నేను పాత ఇనుము కొట్టులో కొన్నానమ్మా," అంది మహాలక్ష్మి. "మూడేళ్లుగా గీకుతున్నాను, ఇంకా వస్తూనే ఉన్నాయి. సర్వేయరుకూ ఇవే కనబడ్డాయి. ఇంటి బండి అని రాయించి చేపల వ్యాపారం చేశారు కాబట్టి ఒక్క రూపాయి కూడా ఇచ్చేది లేదన్న కంపెనీ ఉత్తరం ఇందులోనే ఉంది, నా టీపొడి డబ్బా కింద. సొమ్మే వచ్చుంటే అన్నయ్యగారి బండి నా కొట్టెందుకవుతుంది?"

పొలుసును అటూ ఇటూ తిప్పి చూస్తున్న రేవతి, తలెత్తి నీలం రంగు వ్యానును చూసింది, తర్వాత సీటును చూసింది. భుజంగరావుగారు మెల్లగా తన మూలలోకి జరిగి, చిరిగిన రెగ్జిను అంచును అరచేత్తో ఒకసారి సర్దారు.

"కాలువలోకి దిగడం నిజం," అన్నారు. "తాళం తిప్పకపోవడమూ నిజమే."

"పండుగప్పలు?" అన్నాడు మాణిక్యం.

"ముప్పై లేవులే. ఇరవై ఎనిమిది."

ముందుగా నవ్వింది ఆయనే. ఆ నవ్వు మాణిక్యానికి, మహాలక్ష్మికి పాకి, చివరికి దుర్గాప్రసాద్‌ని ఫోను పట్టుకోలేని స్థితికి తెచ్చింది. నవ్వు తగ్గాక రేవతి పొలుసును కొంగున ముడివేసుకుని, సరుకు రవాణా బండి అనే రాయమంది, పూర్తి ఇన్సూరెన్సే అంది, పసుపు ప్లేటుకు ఆ రోజే దరఖాస్తు పెడతానంది.

పాలసీకి బండి ఫోటో కావాలన్నాడు దుర్గాప్రసాద్. బండి శుభ్రంగా కనబడాలని రేవతి పరుగున వెళ్లి, లోపలి చేపల పెట్టెలు దించబోయింది.

"దించకమ్మాయ్," అని సీటు మీద నుంచే పిలిచారు భుజంగరావుగారు. "పెట్టెలు ఫోటోలో పడనీ. ఐసు కూడా పడనీ. ఇది చేపల బండి అని చూసినవాడికి తెలియాలి." ఒక క్షణం ఆగి, గొంతు సవరించుకున్నారు. "అలాగే అద్దం మీద ఒక పీతను కూడా కూర్చోబెట్టు. వానాకాలం వస్తోంది కదా."