ఎండాకాలానికి ఒక ఫ్రెంచి నవల

చిత్తూరు ఎండకు వీధి తలుపులన్నీ మూసుకున్న మధ్యాహ్నం, కోడలు పెట్టె సర్దుకుంటోంది. రేపట్నుంచి శ్రీసిటీలో ఉద్యోగం, అక్కడే హాస్టలు. కాలేజీలో ఫ్రెంచి చెప్పి రిటైరైన అత్త, ప్రతి వేసవిలోనూ ఒక ఫ్రెంచి నవల కథ ఆమెకు తెలుగులో చెప్పేది. కోడలు పట్టుబట్టడంతో ఈమధ్య ఆ భాష కూడా నేర్పింది.

"అత్తా, పోయినేడు మీరు చెప్పిన నవల నేనే చదివినా."

"కడదాకా?"

"కడదాకా. ఇల్లిడిచి పోయినామె మళ్లా తిరిగొచ్చిందంటిరే?"

"అంటి."

"రాలేదు గదా. రైలెక్కింది, నవల అయిపోయింది."

"బాగానే నేర్పినట్టుండా నీకు."

"ఎందుకు మార్చినారత్తా?"

"అంత ఎండలో ఒంటిగా యాడికి పోతాదిలే అని, నేనే ఇంటికి తెచ్చినా."

"అంతకు ముందేడు నవల్లోనూ తిరిగొచ్చిందంటిరి."

"అదీ చదివినావా?"

"సగమే."

"అయితే ఆడికి నిలిపెయ్."

కోడలికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఇంకో చీర మడతపెట్టింది.

"హాస్టల్లో చదువుకోడానికి మంచిదొకటి చెప్పండి."

అత్త లేచి, బీరువాలో చాలాసేపు వెతికి, ఒక పలచటి పుస్తకం తెచ్చి చీరల మీద పెట్టింది.

"ఇది తీసకపో. దీంట్లో నిజంగానే తిరిగొస్తాది."