ఆ ఫోటో థోరా తీసింది

అమ్మలారా, అయ్యలారా,

ఇంత గాలిలో ఇంతమంది వచ్చారు. పక్క దీవుల నుంచి పొద్దుటి పడవ పట్టుకుని వచ్చినవాళ్ళున్నారు. ఆవుల్ని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వచ్చినవాళ్ళున్నారు. కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళున్నారు. మీ అందరికీ దండం. మన థోరా ఇస్బిస్టర్ పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. యాభై ఏడేళ్ళు. అది పోవాల్సిన వయసా? డెబ్బై ఆరేళ్ళ ఈ డేవీ రెండల్‌ని, ఈ ఫిడేలు వాయించే ముసలాణ్ణి ఇక్కడే వదిలేసి ఆమెని ఎందుకు పట్టుకుపోయాడో ఆ దేవుణ్ణే అడుగుతాను. అడిగే రోజు ఎంతో దూరం లేదు లెండి.

పొద్దున పాస్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "డేవీ, నాలుగు మంచి మాటలు చెప్పు, పాత గొడవలు తవ్వకు" అన్నారు. అలాగేనండీ అన్నాను. అబద్ధం చెప్పాను పాస్టరు గారూ, క్షమించండి. మంచి మాటలు చెబుతాను. కానీ నేను వచ్చింది పగ తీర్చుకోవడానికి. ఇరవై ఒక్క ఏళ్ళ పగ. ఈ హాలు గోడ మీద ఒక పెళ్ళి ఫోటో ఉండేది, మీరంతా ఎరుగుదురు. దాని కింద ఉన్న పేరు పచ్చి అబద్ధం. ఆ అబద్ధం బయటపెట్టకుండా నేను ఈ వేదిక దిగను.

చూశారా, ముందు వరుసలో ఎడ్విన్ కోరిగల్ గారు టై సర్దుకుంటున్నారు. గుమ్మడికాయల దొంగ అని ఇంకా అననే లేదు, అప్పుడే భుజాలు తడుముకుంటున్నారు. కూర్చో ఎడ్విన్. నువ్వు రాకపోయి ఉంటే ఈ సభని రేపటికి వాయిదా వేయించేవాణ్ణి.

మిత్రులారా, థోరా ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలుసు. పీతలు ఒలిచే షెడ్డు నుంచి. పదిహేడేళ్ళు ఒలిచింది. ముప్పై ఐదో ఏట, ఎవరో వాడి అమ్మేసిన కెమెరా ఒకటి కొనుక్కుని, పెళ్ళి ఫోటోలు తీస్తానంది. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఒప్పుకుంటున్నాను. అప్పట్లో ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి ఫోటోగ్రాఫర్ అంటే ఎడ్విన్ ఒక్కడే. పని నేర్పమని ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ఏమన్నాడో తెలుసా? "పీతలు ఒలిచే చేతులకి కెమెరా ఎందుకమ్మా? స్టాండు మోయి, చాలు" అన్నాడు. మోసింది. రెండేళ్ళు మోసింది. టీ పెట్టింది, లైట్ల తీగలు చుట్టింది. ఒక్కసారైనా కెమెరా చేతికిచ్చాడా? ఇవ్వలేదు.

సొంత కెమెరాతో ఆమె చేసిన మొదటి పని నా కళ్ళారా చూశాను. ఇంగా పెళ్ళికి నాలుగు రోజుల ముందు. అదిగో, రెండో వరుసలో ఉంది ఇంగా, ఇద్దరు పిల్లల తల్లి ఇప్పుడు. మన ఆచారం ప్రకారం స్నేహితురాళ్ళు ఇంగాని పట్టుకుని, నల్లబెల్లం పాకం, మసి, పిండి, కోడి ఈకలు నెత్తి నుంచి కాళ్ళ దాకా పూసి, లారీ ఎక్కించి, డబ్బాలు వాయిస్తూ ఊరంతా తిప్పారు. ఆ మసి వేడుక ఫోటోలు తీయమని అడిగితే ఎడ్విన్ ముక్కు చిట్లించాడు. "అది ఫోటోగ్రఫీ కాదు, పందుల దొడ్డి" అన్నాడు. థోరా నేను తీస్తానంది.

అనడమైతే అంది. లారీ బయల్దేరే ముందు దాని వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది. నేను చూశాను. భయం. మనుషుల మొహాల మీదికి కెమెరా ఎత్తడమంటే ఆమెకి అంత భయం. మూతి తుడుచుకుని, వంటింటి ప్లాస్టిక్ సంచీలో కెమెరా దోపి, లెన్సుకి సరిపడా చిల్లు చేసి, లారీ ఎక్కింది. ఎక్కిన రెండు నిమిషాలకి ఎవరో ఆమె నెత్తిన కూడా పాకం కుమ్మరించారు. ఇంక చూడండి! ఏం నవ్వు అది! ఆ లారీ మీద అందరికంటే గట్టిగా నవ్విన మనిషి థోరా. మొగుడు సముద్రంలో పోయాక ఆరేళ్ళు పళ్ళు బయటపెట్టని ఇంగా వాళ్ళ అమ్మ జెమైమా, రోడ్డు పక్కన నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. థోరా ఆ నవ్వుని పట్టుకుంది. జెమైమా పోయిన రోజున శవపెట్టె పక్కన పెట్టింది ఆ ఫోటోనే.

తర్వాత నేనడిగాను, భయం ఏమైందే పిల్లా అని. "అందరి మొహాలూ మసే అయిన చోట భయం దేనికి డేవీ? నవ్వు తప్ప ఏమీ కనబడదు" అంది. ఒంటికి పూసింది కడుక్కోవడానికి మూడు రోజులు పట్టింది. ధైర్యం మాత్రం కడిగినా పోలేదు.

ఇంక పెళ్ళి రోజు. ఇంగా పెదనాన్న ముందే ఎడ్విన్‌ని మాట్లాడేశాడు కాబట్టి థోరా మళ్ళీ స్టాండు మోసే మనిషే. "నీ కెమెరా ఇంట్లో పెట్టి రా" అని కూడా చెప్పాడట. పెట్టిందా? కోటు కింద పెట్టుకుని వచ్చింది. ఆ రోజు గాలి గుర్తుందా మీకు? గొర్రెలు గోడలకి కరుచుకుని పడుకున్నాయి. చర్చి నుంచి హాలు దాకా ఫిడేలు వెనకాల పెళ్ళివారు నడవడం మన తాతల నాటి పద్ధతి. ఎడ్విన్ ఏమన్నాడు? "నడకా లేదు గిడకా లేదు, అందరూ కార్లెక్కి హాలుకి వచ్చేయండి, తెర ముందు నిలబెట్టి తీస్తాను" అని తాను ముందుగా కారెక్కి వెళ్ళిపోయాడు. ఇంగా ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు థోరా స్టాండుని చర్చి గేటుకి ఆనించేసి, "గాలి కూడా పెళ్ళికొచ్చింది కదే ఇంగా, దాన్నొక్కదాన్నీ బయట నిలబెడితే ఏం మర్యాద? నడు" అంది.

నడిచాం. నేను ముందు, నా వెనక పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, బంధువులు. నా ముందు థోరా, వెనక్కి వెనక్కి నడుస్తూ. ఒకసారి కాలవలో పడింది, ఒక బూటు అందులోనే వదిలేసి లేచింది. నా ఫిడేలు తీగ ఒకటి తెగింది, మూడింటితోనే వాయించాను. పెళ్ళికొడుక్కి తన గళ్ళ కిల్టు లంగా గాలికి లేవకుండా రెండు చేతులతో పట్టుకోవడమే సరిపోయింది పాపం, పెళ్ళాం చెయ్యి పట్టుకునే తీరికేదీ! హాలు పక్క గోడ వెంట మలుపు తిరిగామో లేదో, ఇంగా మేలిముసుగు నిట్టనిలువుగా పైకి లేచింది, చర్చి గోపురమంత ఎత్తు. ఇంగా తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. థోరా నొక్కింది. అయ్యలారా, నేను చెప్పేది ఆ ఫోటో గురించి కాదు. ఫోటో అందరూ చూశారు. తీస్తున్న మనిషి మొహం చూసినవాణ్ణి నేను. ఒంటి బూటుతో, మోకాళ్ళ దాకా బురదతో, ప్రపంచంలో తనకి కావలసింది ఇదేనని ఆ క్షణాన తెలుసుకున్న మనిషి మొహం అది.

ఫిల్ము కడిగే గది ఎడ్విన్‌ది. సాయంత్రం రీలు ఆయన చేతికి ఇచ్చింది, నమ్మి. నెల తిరక్కుండా ఆ ఫోటోకి బహుమతి వచ్చింది. క్యాలెండర్ మీదికెక్కింది. ఈ గోడ మీదికెక్కింది. కింద ఇత్తడి రేకు మీద ఎడ్విన్ కోరిగల్ అని పేరు. సొమ్మొకడిది, సోకొకడిది! ఇంగా వెళ్ళి అడిగితే, "హాలు బయట గాలిలో ప్రాణాలకి తెగించి నిలబడి, దూరం లెన్సుతో థోరా తల మీదుగా తీశాను" అన్నాడు. ఆ రోజు నాతో నడిచినవాళ్ళు ఇక్కడ కనీసం ఇరవైమంది ఉన్నారు. థోరాని చూశారు, ఎడ్విన్‌ని చూడలేదు. మరి నోరు మెదిపారా? మెదపలేదు. మీ ఇళ్ళలోనూ పెళ్ళికి ఎదిగిన పిల్లలున్నారు, ఫోటోగ్రాఫర్ ఆయనొక్కడే. నాకు మీ మీద కూడా కడుపు మంటే. పోనీయండి.

రేకు బిగించిన రోజున నేను లేచాను. థోరా నా కోటు పట్టి లాగింది. "కూర్చో ముసలాయనా. పోయింది ఒక్క ఫోటోనే, ఆ రోజు మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. నేను బతికుండగా దీని గురించి నోరు విప్పావంటే నీ ముందు ఇంక నడవను" అంది. ఒట్టు వేయించుకుంది. వేశాను.

ఎడ్విన్ అక్కడితో ఆగాడా? థోరా విడిగా పని మొదలుపెట్టగానే గడప గడపకీ తిరిగి, ఆమె వస్తే పెళ్ళి పందిట్లో పీతల కంపు వస్తుందని చెప్పాడు. రెండు చలికాలాలు ఆమెని ఒక్కరూ పిలవలేదు. అప్పుడు ఏం చేసిందో తెలుసా? ముసలివాళ్ళ ఆశ్రమంలో ఒక పెళ్ళి జరుగుతోందని విని పిలవకుండానే వెళ్ళింది, నన్ను కూడా ఈడ్చుకుని. పెళ్ళికూతురికి ఎనభై ఏళ్ళు, పెళ్ళికొడుక్కి ఎనభై మూడు. "మమ్మల్నేం తీస్తావే, మా మొహాలు చూశావా?" అంది ఆ పెద్దావిడ. "మీ మొహాలు చూసే వచ్చాను" అంది థోరా. పడగ్గది నుంచి భోజనాల గది దాకా ముప్పై అడుగులు. నేను వాయిస్తూ, వాళ్ళు కర్రలు ఊనుకుంటూ, థోరా వెనక్కి నడుస్తూ. పావుగంట పట్టింది. పెళ్ళికొడుకు దారిలో రెండుసార్లు ఆగి పెళ్ళాన్ని ముద్దుపెట్టుకున్నాడు. ఆ ఫోటోలు చూశాకే జనం థోరా కోసం తలుపులు తీశారు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆమెకి తీరికే లేదు.

చచ్చినవాడి కళ్ళు చేరెడంటారు. పోయాక అందరూ పొగుడుతారు, అది మామూలే. కానీ మొన్న ఎడ్విన్ పంపిన పూలచక్రం మీద ఏం రాసి ఉందో చదివారా? "నా చేతుల్లో పెరిగిన నా శిష్యురాలికి" అని! ఫోటో లాక్కున్నావు, కూడు లాక్కున్నావు, ఇప్పుడు శవాన్ని కూడా శిష్యురాలిగా రాయించుకుంటావా? అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. థోరా బతికున్నంత వరకే నా ఒట్టు. అది తీరిపోయింది.

మర్నాడే ఈ గోడ మీది ఫోటో దించి ఇంటికి పట్టుకెళ్ళాను. అడగలేదు ఎవర్నీ. పేపరు చదువుకునే భూతద్దం పెట్టి గంటసేపు చూశాను. ఇరవై ఏళ్ళుగా అందరం మేలిముసుగునే చూశాం. నేను ఆ పక్కన చూశాను. ఇంగా భుజం పక్కన ఈ హాలు కిటికీ ఉంది. అద్దం వెనకాల వేలి గోరంత మొహం ఉంది. దాన్ని పట్నంలో పెద్దది చేయించాను. ఇంగా, ఇలా రామ్మా, ఈ గుడ్డ లాగు.

చూడండి. బాగా చూడండి. వెనకవాళ్ళకి కనబడుతోందా? ఎడమ చేతిలో టీ కప్పు, కుడి చేతిలో కేకు ముక్క, బుగ్గ ఉబ్బి ఉంది, వెచ్చగా లోపల నిలబడి బయటికి చూస్తున్న ఈ పెద్దమనిషి ఎవరు? తాను తీసిన ఫోటోలో తానే కిటికీ వెనక నిలబడి కేకు తినే ఫోటోగ్రాఫర్‌ని మీరెక్కడైనా చూశారా? ఎడ్విన్, ఇరవై ఒక్క ఏళ్ళు రేకు మీద నీ పేరు చూసుకున్నావు కానీ, ఒక్కసారి కూడా ఫోటో చూసుకోలేదు.

నవ్వకండి. సరే, నవ్వండి, థోరా ఉంటే ఆమే ముందు నవ్వేది.

పాత రేకు పీకి పారేశాను. కొత్తది నిన్ననే బిగించాను. థోరా ఇస్బిస్టర్ తీసినది అని ఉంది, చాలు. ఇంక నాకు చెప్పాల్సింది లేదు. నా ముందు వెనక్కి నడిచే మనిషి ఇంక లేదు కాబట్టి నేను కూడా పెళ్ళిళ్ళకి వాయించను.

అందరూ లేవండి. థోరా కోసం ఒక్క నిమిషం నోరెత్తకుండా నిలబడదాం. నువ్వు కూడా లే ఎడ్విన్. కానీ అక్కడ కాదు. కిటికీ దగ్గరికి వెళ్ళు. ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడు, మాకు ఎదురుగా. ఈసారి మేమంతా నిన్ను చూస్తూ నిలబడతాం.